చిన్న బాక్సు ఇక చేయం, బయటి స్పీకర్ బిగించం

మేం చేసే చిన్న స్పీకర్ బాక్సుకి అడ్వాన్సు కట్టి "ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్న వాళ్లందరికీ ఒకటే జవాబు: రాదు. ఆ మోడల్ పూర్తిగా ఆపేశాం. డబ్బు మొత్తం వెనక్కి పంపుతున్నాం, పెద్ద మోడల్‌కి మారతామంటే అందులో సర్దుతాం. ఇంకో మార్పు కూడా ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న పేరూ ఊరూ లేని స్పీకర్లు తెచ్చి "మీ బాక్సులో బిగించి ఇవ్వండి" అంటే ఇకపై బిగించం. ఈ రెండింటి వెనక ఉన్నది ఒకే కథ. ఫోన్‌లో చెబుదామంటే సగంలోనే "అదే స్పీకర్ ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరుకుతోంది కదండీ" అంటున్నారు. ఆ మాట వినీ వినీ ఒళ్లు మండి, కూర్చుని రాస్తున్నాను.

చిన్న బాక్సులో వాడే ఐదంగుళాల వూఫర్, అంటే బాస్ ఇచ్చే స్పీకర్, మాకు ఒక హోల్‌సేలర్ దగ్గర్నుంచి వచ్చేది. దాని మీద బ్రాండు లేదు. ఈ సంగతి మీ దగ్గర ఎప్పుడూ దాచలేదు. అసలు మా బాక్సు మీద మాత్రం ఏ పెద్ద కంపెనీ పేరుంది? ప్రతి లాటుకీ ముందు శాంపిల్ వచ్చేది, ఒకటి విప్పి చూసేవాళ్లం, కొలిచేవాళ్లం, ఆ తర్వాతే ఆర్డరు. ఈసారీ శాంపిల్ బంగారంలా ఉంది. తర్వాత లారీ దిగిన సరుకులో అట్టపెట్టె అదే, లేబుల్ అదే, చుట్టూ ఉన్న రబ్బరు అంచు కూడా అదే. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. బరువు లేదు.

మాగ్నెట్ చుట్టూ నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగితే లోపల మాగ్నెట్‌కీ తొడుగుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ. అంటే తొడుగు పాత సైజుది, మాగ్నెట్ కొత్త సైజుది. లేబుల్ మీద 8 ఓములు (కరెంటుకి స్పీకర్ చూపే నిరోధం) అని ఉంది. మల్టీమీటర్ కొలిచేది కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) నిరోధం ఒక్కటే కాబట్టి 8 ఓముల స్పీకర్‌కి మామూలుగా ఆరుకీ ఏడుకీ మధ్య చూపిస్తుంది. ఇవి మూడున్నర చూపించాయి. అంటే లోపల ఉన్నది 4 ఓముల సరుకు. రెండు బాక్సులు ఒకే ఛానెల్‌కి సమాంతరంగా కలిపారనుకోండి, 4 ఓముల భారం పడాల్సిన ఆంప్లిఫైయర్ మీద 2 ఓములు పడుతుంది, ఓములు తగ్గేకొద్దీ ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. ఆంప్ వేడెక్కి ఆగిపోతే అదృష్టం, ఆగకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. అప్పుడు తిట్టేది ఆంప్ కంపెనీని.

ఒకదాన్ని కోసి వాయిస్ కాయిల్ బయటికి తీశాను. తీగని బ్లేడుతో గీకితే ఎర్రటి పొర లేచి కింద తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. అలాంటి తీగే చెడ్డదని అనను. తేలిగ్గా ఉంటుందని మంచి ట్వీటర్లలో (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లలో) కావాలనే వాడతారు. కానీ రాగి అని రాసిచ్చి, రాగికి లెక్క కట్టి, ఇది పంపడం వేరు. ఇక లేబుల్ అంచుని గోరుతో లేపితే కింద ఇంకో లేబుల్ ఉంది. పైదాని మీద 200 వాట్లు, కిందదాని మీద 40. ఆ 40 కూడా నిజమో కాదో.

చివరికి బ్యాటరీ పరీక్ష. ఒకటిన్నర వోల్టు సెల్లుని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం తాకిస్తే కోన్ (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి భాగం) బయటికి రావాలి. ఈ లాటులో కొన్ని బయటికొచ్చాయి, కొన్ని లోపలికెళ్లాయి. అలాంటివి జతగా బిగిస్తే ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగుతుంది, బాస్ ఒకదాన్నొకటి మింగేస్తుంది. వినేవాళ్లకి కారణం తెలియదు, బాస్ నాబ్ తిప్పుతూనే ఉంటారు, కాయిల్ కాలేదాకా.

హోల్‌సేలర్‌కి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు, క్షమించమనీ అనలేదు. "ఆన్‌లైన్ వాళ్లందరికీ ఇదే సరుకు వెళ్తోంది సార్, ఒక్క కంప్లయింట్ రాలేదు. తీగ గీకి చూసేది మీరొక్కరే" అన్నారు. అది తిట్టో పొగడ్తో ఇప్పటికీ నాకు తేలలేదు గానీ, ఇన్నేళ్ల లావాదేవీ ఉన్న మనిషి నోట ఆ మాట వినడం మాత్రం చాలా కష్టంగా అనిపించింది. లాటు మొత్తం వెనక్కి పంపేశాను. మళ్లీ తిప్పి నాకే అంటగట్టకుండా ప్రతి మాగ్నెట్ వెనకా ఎర్ర మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టి మరీ పంపాను.

కొన్ని వారాల తర్వాత మన పాత కస్టమర్ ఒకరు ఆన్‌లైన్‌లో కొన్న జత తెచ్చి బల్ల మీద పెట్టారు. ఏదో కొత్త పేరు, పెద్దక్షరాల్లో 500 వాట్లు. స్టిక్కర్ కాస్త వంకరగా అంటించారు. దాని అంచు కింద నుంచి నా ఎర్ర గీత బయటికి కనిపిస్తోంది.

ఆయన్ని ఏమనగలను? ఫొటో చూశారు, నాలుగున్నర స్టార్లు చూశారు, కొన్నారు. ఆ సమీక్షలు నేనూ తెరిచి చదివాను. పాతవాటిలో సగం వేరే ఏదో వస్తువు గురించి, "ఫోన్‌కి సరిగ్గా సరిపోయింది" అంటున్నాయి. పాత పేజీలో వస్తువు మార్చి, స్టార్లు మాత్రం ఉంచేశారన్నమాట. మీరూ కొనేముందు పాత సమీక్షల దాకా వెళ్లి చదవండి, అది రెండు నిమిషాల పని.

ఇక మోడల్ ఆపేయడం గురించి. ఈ నిర్ణయానికి నిద్ర చాలా పోయింది. మీలో చాలామంది మా దగ్గర మొదట కొన్నది ఆ చిన్న బాక్సే. మాకు పేరొచ్చిందీ దానితోనే. "ఒక్కొక్కటీ పరీక్షించి, బాగున్నవి వాడు, మిగతావి పారెయ్" అని మావాళ్లే అన్నారు. వేరే సప్లయర్‌తో అలా చేయొచ్చా అని నేనూ లెక్కలు వేశాను. కుదరదు. ఓములు, పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయా అన్నది) నిమిషంలో తేలతాయి. ఎన్ని వాట్లు తట్టుకుంటుందన్నది తేలదు. దానికి పద్ధతులున్నాయి: ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 1984లో పెట్టిన పద్ధతిలో పింక్ నాయిస్ అనే హోరుని 2 గంటలు ఆపకుండా వినిపిస్తారు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ పెట్టిన 60268-5లో అయితే 100 గంటల పరీక్ష ఉంది. పది శాంపిళ్లు అలా పరీక్షించినా పదకొండోదాని లోపల ఏ తీగ ఉందో ఆ పరీక్ష చెప్పదు.

రెండోది, బాక్సు కొలత. బాక్సు లోపలి ఘనపరిమాణం, గాలి వచ్చిపోయే పోర్టు గొట్టం పొడవు మేం కంటికి నచ్చినట్టు పెట్టినవి కావు. ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, మరో ఇంజినీరు రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో పూర్తి చేసిన లెక్కలున్నాయి. స్పీకర్ సహజ పౌనఃపున్యం, దాని సస్పెన్షన్ బిగువు, మాగ్నెట్ పట్టు తెలిస్తేనే అవి పనిచేస్తాయి. మాగ్నెట్ చిన్నదైతే ఆ పట్టు తగ్గి, అదే బాక్సులో బాస్ డబడబా మోగుతుంది. అది విని "వీళ్ల పనితనం పడిపోయింది" అంటారు. చెక్క మాదే, జిగురు మాదే, పేరూ మాదే కాబట్టి అనక తప్పదు కూడా. బయటి స్పీకర్లు బిగించనని మొండికేసింది కూడా ఇందుకే. డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే కొలతల పట్టిక) ఉన్న వూఫర్ వాడదామంటే, ఆ ధరకి చిన్న బాక్సు చిన్న బాక్సుగా మిగలదు. అది పెద్దదాని ధర దగ్గరికి పోతుంది. కాబట్టి ఆపేశాం. అహం అనుకునేవాళ్లు అనుకోండి, కొంత అదీ ఉంది.

ఆన్‌లైన్‌లోనే కొంటామనేవాళ్లకి నా వైపు నుంచి కొన్ని మాటలు. వాట్లు నమ్మకండి, అడాప్టర్ మీద రాసింది చదవండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే గుణిస్తే 24 వాట్లు. నిలకడగా అంతకు మించి రావడానికి దారే లేదు, పెట్టె మీద వెయ్యి అని రాసినా సరే. పెట్టె మీద రాసే పీఎంపీఓ వాట్లన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకునే అంకె, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు) ఎంతో అడగండి. అయినా వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్లే, దాని కోసం ఇంత ఆరాటం అక్కర్లేదు. మూడు స్పీకర్లు కనిపించే బాక్సుల్లో రెండిటికి వైరే లేకపోవడం, బరువు కోసం అడుగున ఇనప ముక్క అంటించడం మా బల్ల మీద మామూలే.

బ్యాటరీ స్పీకర్ల విషయంలో మాత్రం నవ్వలేను. వాటిలో వాడే 18650 అనే లిథియం సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉంటే అది అబద్ధం. మంచి కంపెనీ సెల్లు కూడా 3,500 దగ్గరే తిరుగుతుంది. అబద్ధం రాసినవాడు లోపల ప్రొటెక్షన్ సర్క్యూట్ (అతిగా చార్జవకుండా ఆపేది) పెట్టాడని ఎలా నమ్మాలి? బాడీ ఉబ్బినా, అతుకులు విచ్చినా మళ్లీ చార్జింగ్ పెట్టకండి, ఇంట్లో పడకగదిలో ఉంచకండి, మా దగ్గరికీ తేకండి. లిథియం బ్యాటరీలు తీసుకునే సేకరణ కేంద్రంలో ఇవ్వండి. కరెంటు ప్లగ్గుతో నడిచేది తాకితే జివ్వుమంటోందా, వెంటనే ప్లగ్ తీసేయండి.

ఇప్పటికే మా చిన్న బాక్సు కొన్నవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. ఈ లాటులోది ఒక్కటీ మా బాక్సుల్లో బయటికి వెళ్లలేదు. పాత లాటులో మిగిలిన వూఫర్లు అమ్మకానికి కాదు, మీ సర్వీసు కోసం పక్కన పెట్టాం. బాక్సు వెనక ఉన్న సీరియల్ నంబర్ చెబితే చాలు, బిల్లు లేకపోయినా చూస్తాం.

ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని రిటర్న్ గడువు దాటకముందే తెస్తే ఓములు, పోలారిటీ, బరువు కొలిచి కాగితం మీద రాసిస్తాం, డబ్బు తీసుకోం. ఆ కాగితం అమ్మినవాడికి పంపి గట్టిగా అడగండి. గడువు దాటాక తెచ్చినా కొలిచి పెడతాం. బిగించమని మాత్రం బతిమాలకండి.