వార్డుకి కెమెరా తెచ్చే ముందు

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

పెళ్లిళ్ల సీజన్ అయ్యాక వీలు చూసుకుని మా పిల్లల క్యాన్సర్ వార్డుకొచ్చి ఊరికే ఫోటోలు తీసిపెడతానని మొన్న ఫోన్లో అన్నావు. డ్యూటీలో ఉండి "చూద్దాంలే నాన్నా" అని పెట్టేశాను. నిజానికి ఆ మాట వినగానే నాకు కళ్లు తడిశాయి. ఇన్నేళ్లుగా ఈ వార్డులో పనిచేస్తూ, ఇక్కడికి ఎవరైనా ఒక మంచి ఫోటోగ్రాఫర్ వస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ వచ్చేది నా కొడుకే అవుతాడనుకోలేదు. నువ్వు కెమెరా సర్దుకునే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. తీరిగ్గా మళ్లీ మళ్లీ చదువుకుంటావని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఇది. చనిపోయే పిల్లలకే ఫోటోలు తీద్దామనుకుంటే మాత్రం రావద్దు. మా వార్డులో అమ్మలకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. డాక్టర్ ఏ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు, ఏ తండ్రిని పక్కకి పిలిచాడు, అన్నీ కనిపెడుతూనే ఉంటారు. కెమెరా అబ్బాయి డాక్టర్ చూపించిన మంచం దగ్గరికే వెళ్తున్నాడని తెలిసిందంటే సాయంత్రానికల్లా వార్డంతా పాకిపోతుంది. ఆ తర్వాత నిన్ను చూస్తేనే బిడ్డని చీర కొంగులో దాచుకుంటారు. అడిగిన ప్రతి ఇంటివాళ్లకీ తియ్యాలి. రేపు డిశ్చార్జి అయ్యే పిల్లాడికీ తియ్యాలి, జబ్బు తిరగబెట్టి వచ్చిన పిల్లకీ తియ్యాలి.

ఇక్కడికొచ్చిన వాళ్లంతా పోయేవాళ్లే అనుకునేవు. పిల్లల్లో ఎక్కువగా చూసే బ్లడ్ క్యాన్సర్‌కి వైద్యం రెండు మూడేళ్లు నడుస్తుంది, అది పూర్తి చేసుకుని బడికి వెళ్లిపోయిన వాళ్లు మాకు పండగలకి ఫోన్లు చేస్తుంటారు. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా బతికి బయటపడుతున్నారని, పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతానికి తేవాలని 2018లో ఒక లక్ష్యం పెట్టుకున్నారు. మందు అక్కడా ఇక్కడా ఒకటే. ఆలస్యంగా రావడం, దారి ఖర్చులకి లేక మధ్యలో మానేయడం, ఇన్ఫెక్షన్లు, వీటి దగ్గరే మన పిల్లలు ఓడిపోతున్నారు. ఆ కోపం నాకు ఈరోజుకీ తగ్గలేదు.

అందరి చేతుల్లో ఫోన్లుండగా ఫోటోగ్రాఫర్ ఎందుకని నువ్వే అడిగావు. ఫోన్ అమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి అమ్మ ఏ ఫోటోలోనూ ఉండదు. బిడ్డ పక్కన నెలల తరబడి నేల మీద పడుకున్న మనిషి, ఆ బిడ్డతో కలిసి దిగిన ఒక్క ఫోటో కూడా ఆమె దగ్గర ఉండదు. తండ్రి ఊళ్లో ఆటో నడుపుతూనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. అన్నయ్యో చెల్లో నాయనమ్మ దగ్గర బడికి వెళ్తుంటారు. నలుగురూ ఒకచోట కలిసేది ఎప్పుడో గాని జరగదు, ఆ రోజు ఎవరికీ ఫోటో గుర్తుకు రాదు. ఇక ఫోన్ సంగతంటావా, చేతిలో డబ్బు అయిపోతే ముందు అమ్ముకునేది దాన్నే. అందులోని బొమ్మలు దాంతోనే పోతాయి.

ఒక తండ్రి సంగతి చెబుతాను, ఏ ఊరో రాయను. కొడుకు పోయిన కొన్ని వారాలకి ఒక్కడే వచ్చి మా నర్సుల స్టేషన్ దగ్గర నిలబడ్డాడు. "మేడం, మా వోని ఫోటో మీ కాడ ఉంటదన్నరు" అన్నాడు. ఆరోగ్యశ్రీ ఫైలు కోసం పేషెంట్‌ని మంచం మీదే ఫోటో తీస్తారు కదా, అది. నీకు తెలుసు, ఆ పథకం 2007లో వచ్చింది. అది లేకపోతే మా వార్డులో సగం మంచాలు ఖాళీగా ఉండేవి, కాబట్టి ఆ ఫోటో తీసినందుకు నేనెవర్నీ తప్పు పట్టను. కానీ ఆ తండ్రికి కొడుకు గుర్తుగా మిగిలింది అదొక్కటే. మూతికి ఆక్సిజన్ మాస్కు, సగం మూసుకున్న కళ్లు, వెనక సెలైన్ స్టాండు. పెద్దవాళ్లని అడిగి ఒక కాపీ ఇప్పించాం. తర్వాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు ఫోన్లో చూపించాడు. వాళ్ల ఊరి స్టూడియో వాళ్లు మాస్కు చెరిపేసి, కోటు తొడిగి, వెనక పూలతోట పెట్టి లామినేషన్ చేసిచ్చారట. ఆ కుర్రాడు ఎన్నడూ కోటు వేసుకోలేదు, ఆ నోరు కూడా వాడి నోరు కాదు. అయినా ఆ తండ్రి దాన్ని ఎంతో భద్రంగా పట్టుకున్నాడు. నేను ఆరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు, మీ నాన్ననడుగు.

ఇలాంటి పని బయటి దేశాల్లో ఎప్పట్నుంచో జరుగుతోంది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో, క్యాన్సర్ వచ్చిన ఒక పిల్లాడి తల్లిదండ్రులు 2001లో 'ఫ్లాషెస్ ఆఫ్ హోప్' మొదలుపెట్టారు. ఫోటోగ్రాఫర్లతో పాటు మేకప్ వేసేవాళ్లు కూడా ఆసుపత్రికొచ్చి పిల్లల్ని ముస్తాబు చేసి మరీ ఊరికే తీసిస్తారు. 2005లో కొలరాడోలో మాడక్స్ అనే పసివాడు పుట్టి ఆరు రోజులే బతికాడు. మిషన్ల మీద ఉన్న బిడ్డకి ఫోటోలు తీయమని తల్లి షెరిల్ హాగర్డ్ కబురు పెడితే శాండీ పుచ్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చి తీసింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి ఒక సంస్థ పెట్టి, పుట్టీపుట్టగానే పోయే పిల్లల కుటుంబాలకి పైసా తీసుకోకుండా ఫోటోలు ఇప్పిస్తున్నారు. వాళ్లవి ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్. పసుపు తిరిగిన ఒళ్లు, సూది పొడిచిన చోట కమిలిన మచ్చలు రంగుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, నలుపు తెలుపులో తగ్గిపోతాయి. ఇది నువ్వు ఇక్కడా వాడొచ్చు. కానీ మన అమ్మలు రంగులే కోరతారు, కాబట్టి రెండూ ఇవ్వు.

వాళ్ల పద్ధతులన్నీ మనకి పనికిరావు. మన ఇళ్లలో పసిబిడ్డని ఫోటో తీస్తే దిష్టి అంటారు, ఆయుష్షు తగ్గుతుందనే పెద్దవాళ్లూ ఉన్నారు. గోడ మీద దండ వేసిన ఫోటోలు పోయినవాళ్లవే కాబట్టి, జబ్బు బిడ్డకి పెద్ద ఫోటో కట్టించడమంటేనే కీడని నాయనమ్మ భయపడుతుంది. ఆవిడతో వాదించకు. మంచం పక్కన కూర్చుని కాసేపు వాళ్ల ఊరి సంగతులు విను, దిష్టి తీయాలంటే తీయనివ్వు, దిష్టి చుక్క పెట్టుకుని దిగుతామంటే ఆ చుక్క అలాగే ఫోటోలో ఉండనివ్వు. వద్దంటే ఆ రోజుకి ఊరుకో.

ఇప్పుడు పిల్లల మొహాల గురించి. లుకేమియా, అంటే ఆ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి మొదటి నెలంతా స్టెరాయిడ్లుంటాయి. బుగ్గలు పూరీల్లా పొంగుతాయి, అర్ధరాత్రి లేచి అన్నం కావాలని ఏడుస్తారు, ఊరికే కోపం వస్తుంది. ఆ తర్వాత జుట్టు రాలుతుంది. మన దగ్గర గుండు పిల్లాడు కనబడితే ఎవరైనా "తిరపతి పోయొచ్చారా" అనే అడుగుతారు కదా, చాలామంది అమ్మలు ఇరుగుపొరుగుకి అదే చెబుతారు. నువ్వు టోపీ తీయమనీ వద్దు, పెట్టమనీ వద్దు. ఎలా దిగుతావని పిల్లనే అడుగు. ఐదేళ్ల వాళ్లకి కూడా దీని మీద గట్టి అభిప్రాయాలుంటాయి. ఒకమ్మాయి యూనిఫాంలోనే దిగుతానని పట్టుబట్టి, జుట్టు లేదు కాబట్టి ఎర్ర రిబ్బన్లు రెండూ మణికట్టుకి పువ్వులా కట్టించుకుంది. మా సిస్టరొకామె ఫోన్లో తీసింది. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి, ఆ ఫోటో ఇంకా దాచుకుంది. ముక్కులో పైపు ఉంటే నీ అంతట నువ్వు కంప్యూటర్లో చెరిపెయ్యకు. కొందరు తీసెయ్యమంటారు, కొందరు "అదీ మా బిడ్డదే, ఉండనీ" అంటారు.

ఇక వార్డు నియమాలు. వీటిలో మొహమాటం లేదు, నువ్వు నా కొడుకువైనా సరే. జలుబు, దగ్గు, ఒంట్లో వేడి ఉంటే గేటు దాటొద్దు. వచ్చేముందు "కౌంట్స్ ఎలా ఉన్నాయి" అని సిస్టర్‌ని అడుగు. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్, 500 లోపు పడిపోయిన బిడ్డ దగ్గరికి ఆ రోజు వెళ్లకు. కెమెరా బాడీ స్పిరిట్‌తో తుడువు, గుడ్డ స్ట్రాపు తీసేసి రా, పూలగుత్తులు తేవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లాడిని నవ్వించాలని ఎగరమనకు, చిన్న దెబ్బ తగిలినా రక్తం త్వరగా ఆగదు. వెన్ను సూది అయిన రోజు పడుకునే ఉండనివ్వు, నువ్వే వంగి తీసుకో. ఫోటో కోసం ఆక్సిజన్ గాని, మందు ఎక్కించే పంపు గాని ఒక్క క్షణం కూడా కదల్చమని అడగొద్దు. వెలుగు సంగతి నాకంటే నీకే తెలుసు. ఉత్తరం వైపు కిటికీలు పొద్దున బాగుంటాయి.

ఫ్లాష్ గురించి మాత్రం ఒకటి చెప్పాలి, ఇది నీ పెళ్లి ఫోటోలకీ పనికొస్తుంది. ఫ్లాష్ పడితే కంటిపాప ఎర్రగా రావడం మామూలే. ఒక కన్ను ఎర్రగా ఉండి రెండోది తెల్లగా మెరిస్తే వదిలెయ్యకు. అది రెటినోబ్లాస్టోమా కావచ్చు, కంటిలో వచ్చే క్యాన్సర్, ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. ఒక్కోసారి పిల్లాడు పక్కకి చూసినా ఆ తెలుపు వస్తుంది, శుక్లం వల్లా రావచ్చు. కాబట్టి భయపెట్టకు, "ఒకసారి కళ్ల డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయొద్దు" అని అమ్మానాన్నలకి మెల్లగా చెప్పు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి వైద్యం ఉంది. త్వరగా పట్టుకుంటే ప్రాణమే కాదు, చాలాసార్లు చూపు కూడా దక్కుతుంది. మా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఇంట్లో ఫోటో చూసి అనుమానపడి వచ్చినవాళ్లున్నారు.

ఇన్‌స్టాగ్రామ్ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. ఒక్క ఫోటో కూడా పెట్టొద్దు. అమ్మానాన్నలు సరేనన్నా వద్దు. మంచం పక్కన నిలబడ్డ మనిషి తెల్లకోటు వేసుకున్నా, మెళ్లో కెమెరా వేసుకున్నా, వాళ్లు కాదనలేరు. వైద్యం ఆగిపోతుందేమోనన్న భయం వాళ్లకి ఎప్పుడూ ఉంటుంది. డబ్బు పోగు చేయడానికి పిల్లలు ఏడుస్తున్నప్పుడు తీసిన వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. కొన్నిటి వల్ల డబ్బొచ్చి ప్రాణం నిలబడిందేమో, అలా అడుక్కోవాల్సి వచ్చిన తల్లిదండ్రుల్ని నేనేమీ అనను. కానీ బతికి బట్టకట్టిన పిల్లాడు పెద్దయ్యాక వాడి క్లాసువాళ్లు ఆ వీడియో చూస్తారు. నీ ఫోటోలు ఎవరి జాలి కోసమూ వద్దు. దాత వస్తాడు, ఒకటి ఇవ్వమంటాడు, ఆసుపత్రి కేలెండర్‌కి అడుగుతారు. కుదరదని చెప్పు, నా పేరు చెప్పు.

తీసినవి ఫోన్‌కి పంపి ఊరుకోకు. ప్రింట్ చేసి చేతికివ్వు, రెండు కాపీలు, నాయనమ్మ ఇంటికొకటి. ఫైళ్లు మాత్రం జాగ్రత్తగా తాళం వేసి దాచు. ఏళ్ల తర్వాత వచ్చి అడుగుతారు నాన్నా, ఆ తండ్రి వచ్చినట్టు.

ఎప్పుడో ఒకప్పుడు నిజంగానే చివరి రోజుల్లో ఉన్న బిడ్డ దగ్గరికి పిలుస్తారు. పిలిచేది ఇంటివాళ్లయితేనే వెళ్లు. ఎక్కువ తియ్యకు. అమ్మ చెయ్యి, బిడ్డ చెయ్యి, పాదాలు, తమ్ముడు మంచమెక్కి పక్కన పడుకున్నది. మాటలు వెతుక్కోకు, "అంతా మంచికే" లాంటివి అసలే అనకు. బిడ్డ పేరు పెట్టి పిలువు, ఆ పేరు మళ్లీ పలికేవాళ్లు వాళ్లకి తగ్గిపోతారు. బయటికి వచ్చాక నేరుగా బండెక్కి వెళ్లిపోవద్దు. నా డ్యూటీ రూముకి రా. నేను లేకపోతే రాత్రి డ్యూటీ సిస్టర్‌కి చెప్పి ఉంచుతాను, టీ తాగి కూర్చుని వెళ్లు. ఏడుపొస్తే ఏడువు. నీ వల్ల కాదనిపిస్తే ఆ మాట నాకు చెప్పు, కొన్నాళ్లు ఆపెయ్యి. చెప్పకుండా లోపల పెట్టుకోవడం ఒక్కటే నేను ఒప్పుకోను.

మా పిల్లల కౌన్సెలర్‌తోనూ, పెద్ద డాక్టర్‌తోనూ మాట్లాడాను. అనుమతి కాగితం తెలుగులో, ఉర్దూలో రాయించాలన్నారు. ఏ ఫోటో ఎప్పుడైనా వెనక్కి అడిగే హక్కు ఇంటివాళ్లదేనని అందులో ఉండాలి, నేను చిత్తు రాసి పంపుతాను, సరిచూడు. వచ్చే నెల మొదటి శనివారం రా. ఆ రోజు కెమెరా వద్దు, రంగు పెన్సిళ్లు, తెల్ల కాగితాలు తే, ముందు పిల్లలు నిన్ను చూసి అలవాటు పడనీ. ప్రింట్ల ఖర్చు తాను పెట్టుకుంటానని మీ నాన్న అన్నారు, ఏ పేపరు మంచిదో, ఎంతవుతుందో ఆయనకి రాయి.

ఇట్లు,
మీ అమ్మ