వీల్లేదు వేరు, వీలుకాదు వేరు

సంపాదకులకు,

పరీక్షల కాలం వచ్చిందంటే తెలుగు పత్రికల చదువుల పేజీల్లో ఇంగ్లీషు మోడల్ క్రియల (అనుమతి, తప్పనిసరి లాంటివి చెప్పే సహాయక క్రియల) పట్టిక ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఎడమ పక్క మస్ట్ నాట్, షుడ్ నాట్, కెనాట్, మే నాట్, షల్ నాట్. కుడి పక్క అయిదింటికీ కలిపి ఒకటే మాట: ‘చేయకూడదు’. పట్టిక తప్పని కొట్టిపారేయలేం. కానీ దాన్ని బట్టీపట్టిన పిల్లలు సొంతంగా వాక్యం రాయబోయేసరికి ఎక్కడెక్కడ బోల్తాపడతారో అందులో ఉండదు. తెలుగులో నిషేధం చెప్పడానికి వద్దు, కూడదు, రాదు, వీల్లేదు, కుదరదు అని ఇన్ని మాటలు పెట్టుకుని, ఒక్క ‘కూడదు’తో సరిపెట్టడం వల్ల వచ్చిన తిప్పలే చాలావరకు.

అన్నిటికన్నా ప్రమాదమైనది ‘డోంట్ హ్యావ్ టు’. ‘చేయాలి’ అనడానికి మస్ట్ అయినా, హ్యావ్ టు అయినా చాలాచోట్ల సరిపోతుంది. అందుకని కాదనేటప్పుడూ రెండూ ఒకటేనని పిల్లలు అనుకుంటారు. కాదు. రక్త పరీక్షకు వచ్చే మనిషికి చీటీ రాసివ్వాలనుకోండి. ఫాస్టింగ్ షుగర్ చూడాలంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. చీటీలో ‘యూ మస్ట్ నాట్ ఈట్ బిఫోర్ ద టెస్ట్’ అంటే తినకూడదు. ‘యూ డోంట్ హ్యావ్ టు ఈట్ బిఫోర్ ద టెస్ట్’ అంటే తినక్కర్లేదు, తిన్నా అడిగేవాళ్లు లేరు. రెండోది చదివినవాడు నాలుగు ఇడ్లీలు తిని వచ్చి కూర్చుంటాడు, తప్పు అతనిది కాదు. ‘నీడ్ నాట్ ఈట్’ అని రాసినా అంతే.

కారణం చిన్నది. ‘నాట్’ దేన్ని కాదంటోందో చూడాలి. మస్ట్ నాట్‌లో కాదంటున్నది పనిని: తినకుండా ఉండడం తప్పనిసరి. డోంట్ హ్యావ్ టులో కాదంటున్నది తప్పనిసరిని: తినాలన్న నియమం లేదు. ఇది మనకు కొత్తేమీ కాదు. ‘రేపు రాకూడదు’కీ ‘రేపు రావాల్సిన పనిలేదు’కీ తేడా ఏడేళ్ల పిల్లకు తెలుసు. పట్టికలో ‘అక్కర్లేదు’ అన్న వరస ఒకటి ‘కూడదు’ పక్కనే వేస్తే సగం పాఠం అయిపోయినట్టే.

ఇక కెనాట్ సంగతి. మాటల్లో ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా వాడే నిషేధం మస్ట్ నాట్ కాదు, కాంట్. ‘యూ కాంట్ పార్క్ హియర్’ అంటే ‘ఇక్కడ బండి పెట్టడానికి వీల్లేదు’ అని. దీన్ని ‘మీరు ఇక్కడ పార్క్ చేయలేరు’ అని తెలుగు చేస్తే, బండి నడపడం రానివాడని ఎత్తిపొడిచినట్టు ఉంటుంది. ఫోన్లలో కనిపించే తెలుగు సూచనలు చూడండి: ‘మీరు ఈ సందేశాన్ని పంపలేరు’, ‘ఈ ఫైలును తెరవలేరు’. పంపడానికి అనుమతి లేదా, నెట్ లేక పంపడం కుదరడం లేదా? చదివినవాడికి తేలదు. తేలాలంటే తెలుగులోనే ఒక చక్కని జత ఉంది. అనుమతి లేకపోతే వీల్లేదు. పరిస్థితి అడ్డుపడితే వీలుకాదు. ‘ఆదివారం రావడానికి వీల్లేదు’ అన్నవాడు గుమ్మం దగ్గర ఆపే మనిషి. ‘ఆదివారం రావడానికి వీలుకాదు’ అన్నవాడు ఇంట్లో పని పడ్డ మనిషి. ఇంగ్లీషు రెండు చోట్లా కాంట్ అనే అంటుంది, సందర్భాన్ని బట్టి మనం తెలుసుకోవాలి. మీ అనువాద విభాగానికి మా మనవి కూడా ఇదే: కాంట్ కనిపించగానే ‘లేరు’ అని తగిలించకుండా, అడ్డుపడింది మనిషా, పరిస్థితా అని ఒక్కసారి చూసుకోండి.

మే నాట్ అంతకంటే జారుడు మెట్టు. ‘ద కలెక్టర్ మే నాట్ అటెండ్’ అంటే కలెక్టరు రాకపోవచ్చు. ‘కాండిడేట్స్ మే నాట్ లీవ్ ద హాల్’ అంటే అభ్యర్థులు హాలు వదిలి వెళ్లరాదు. మొదటిది ఊహ, రెండోది ఆజ్ఞ. మన దగ్గర దీనికి మూడో అర్థం కూడా ఒకటి పుట్టింది. మే అంటే ‘వచ్చు’ కాబట్టి మే నాట్ అంటే ‘చేయకపోయినా ఫర్వాలేదు’ అని తీసుకుని, ‘యూ మే నాట్ సబ్మిట్ ద ఒరిజినల్స్’ అని రాసే గుమాస్తాలు ఉన్నారు. అసలు కాగితాలు ఇవ్వక్కర్లేదని ఆయన ఉద్దేశం, ఇవ్వకూడదని ఇంగ్లీషు వచ్చినవాడి పాఠం. నోటీసులో మే నాట్ రాయకపోవడమే క్షేమం. వద్దనాలంటే మస్ట్ నాట్, అక్కర్లేదనాలంటే నీడ్ నాట్.

అయితే మే నాట్‌కు మన భాషలో అచ్చమైన జోడీ ఉంది. ‘చేయవచ్చు’లోని వచ్చు, ‘చేయరాదు’లోని రాదు ఒకే ధాతువు రెండు ముఖాలు. ‘ఇచ్చట చెత్త వేయరాదు’, ‘గోడలపై ప్రకటనలు అంటించరాదు’ అని బోర్డుల మీద ఉండే రాదు, అనుమతికి ఎదురుమాటగా మే నాట్ పనే చేస్తోంది. ఈత రాదు, తమిళం రాదు అనేచోట అదే రాదు చేతకానితనం కూడా చెబుతుంది. అంటే కాంట్‌లోని రెండు అర్థాలూ మన ఒక్క మాటలో ఒదిగి ఉన్నాయి. దీన్ని తరగతిలో చెబితే పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు.

షల్ నాట్ ఇళ్లలో వినపడదు. చట్టంలో, ఒప్పందంలో, పాత బైబిల్ ఇంగ్లీషులో ఉంటుంది. అక్కడి ‘దౌ షాల్ట్ నాట్ కిల్’ తెలుగు బైబిల్లో ‘నరహత్య చేయకూడదు’. మన రాజ్యాంగం ఇంగ్లీషు పాఠంలో నిషేధాలు ఎక్కువగా షల్‌తోనే నడుస్తాయి. 15వ అధికరణం ‘ద స్టేట్ షల్ నాట్ డిస్క్రిమినేట్’ అంటుంది. 21వ అధికరణం మాత్రం ‘నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్’ అని మొదలవుతుంది, 24వ అధికరణం ‘నో చైల్డ్’ అని. నాట్ క్రియ దగ్గర లేదు, వాక్యం మొదట్లోనే నో రూపంలో ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే మనం ఎప్పుడూ కాదనేది క్రియ దగ్గర: ‘ఎవరూ లోపలికి రాకూడదు’. దీన్ని మాటకు మాట దించితే ‘ఎనీబడీ మస్ట్ నాట్ కమ్ ఇన్’ అవుతుంది. ఇంగ్లీషులో అది నిలబడదు. ఎనీ అన్న మాట నాట్ వెనకే రావాలి గాని ముందు రాకూడదు. ‘నోబడీ మే కమ్ ఇన్’ అనాలి. కొందరు నోబడీ అని మొదలుపెట్టి, అలవాటుకొద్దీ చివర నాట్ కూడా వేస్తారు. ‘నోబడీ మస్ట్ నాట్ ఎంటర్’ అంటే లోపలికి రాకుండా ఉండకూడదు, అందరూ రావాల్సిందే అని!

బోర్డు రాసేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి. ‘ఆల్ వెహికిల్స్ ఆర్ నాట్ అలౌడ్’ అంటే అన్నీ కాదు, కొన్నిటికే అనుమతి అని కూడా అర్థం చెప్పుకోవచ్చు. ‘నో వెహికిల్స్ అలౌడ్’ అంటే గొడవ లేదు. అలాగే యాండ్, ఆర్. ‘తినడం, తాగడం చేయకూడదు’ అన్నది ‘మస్ట్ నాట్ ఈట్ యాండ్ డ్రింక్’ అయితే, రెండూ కలిపి చేయకూడదు, ఒక్కటైతే ఫర్వాలేదేమో అన్న సందు మిగులుతుంది. ‘ఈట్ ఆర్ డ్రింక్’ అనాలి. ‘డోంట్ డ్రింక్ యాండ్ డ్రైవ్’లో యాండ్ ఎందుకుందంటే అక్కడ నిజంగానే రెండూ కలపడమే నేరం. తాగి ఇంట్లో పడుకుంటే ఆ మాట తగలదు. ‘కార్డు లేకపోతే రాకూడదు’ని ‘అన్‌లెస్ యూ డోంట్ హ్యావ్ ఎ కార్డ్’ అని రాస్తే మాత్రం కార్డు లేనివాళ్లకే ద్వారం తెరిచినట్టు. అన్‌లెస్‌లోనే ‘లేకపోతే’ ఉంది.

షుడ్ నాట్‌ను కూడా ‘కూడదు’ అనేస్తే నష్టం ఎవరికో చెప్పాలి. బ్రిటన్ వెళ్లి డ్రైవింగ్ లైసెన్సుకు చదువుకునే మనవాళ్లకు అక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ తప్పదు. అందులో మస్ట్ నాట్ అని పెద్ద అక్షరాల్లో ఉంటే అది చట్టం, మీరితే నేరం. షుడ్ నాట్, డు నాట్ అని ఉంటే సలహా. దాన్ని మీరినంత మాత్రాన కేసు పెట్టరు గాని, ప్రమాదం జరిగి కోర్టుకెక్కితే సాక్ష్యంగా పనికొస్తుంది. 112వ నియమం చూడండి, హారన్ గురించి. కోపంతో హారన్ కొట్టకండి అన్నది మామూలు అక్షరాల్లో ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు, లేదా ఇళ్లున్న చోట రాత్రి 11.30 నుంచి ఉదయం 7 దాకా నడుపుతున్నప్పుడు, ఎదుటి బండివల్ల ప్రమాదం ఉంటే తప్ప హారన్ కొట్టకూడదన్నది మాత్రం మస్ట్ నాట్. లారీ వెనక ‘హారన్ ప్లీజ్’ చదువుతూ పెరిగిన మనకు రెండూ వింతే, కానీ జరిమానా రెండో దానికే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇదే లెక్క. ఇంటర్నెట్ ప్రమాణాల కోసం 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 పత్రం మస్ట్ నాట్, షల్ నాట్ రెండూ సంపూర్ణ నిషేధమని, షుడ్ నాట్ అంటే సరైన కారణం ఉంటే పర్యవసానాలు తూచుకుని చేయవచ్చని నిర్వచించింది. చిన్న అక్షరాల్లో ఉంటే ఈ ప్రత్యేకార్థం వర్తించదని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 తేల్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓకు ప్రమాణాలు రాసేవాళ్లు మళ్లీ నిషేధానికి షల్ నాట్ వాడాలంటారు, మస్ట్ నాట్ వద్దంటారు. అమెరికా ప్రభుత్వపు సరళభాషా సూచనలు దానికి సరిగ్గా తిరగేసి, షల్ మానేసి మస్ట్ నాట్ రాయమంటాయి. కాబట్టి ఏ ఇంటికి రాస్తున్నామో ఆ ఇంటి వాడుక చూసుకోవాలి. తెలుగు చేసేటప్పుడు మస్ట్ నాట్‌కు ‘చేయనే కూడదు’, షుడ్ నాట్‌కు ‘చేయకపోవడం మంచిది’ అంటే తూకం తప్పదు.

రూపాల తప్పులు ఎక్కువ చెప్పనక్కర్లేదు. మోడల్ తర్వాత టు రాదు, క్రియకు ఎస్ చేరదు. ‘డోంట్ మస్ట్’ లేదు. ‘కెనాట్ ఏబుల్ టు’లో చేతకానితనం రెండుసార్లు. నిషేధించడం అనే అర్థమున్న క్రియల్లో ఫర్బిడ్ తర్వాత టు, ప్రొహిబిట్ తర్వాత ఫ్రమ్, దాని వెనక ఇంగ్ రూపం.

గడిచిన కాలానికి వచ్చేసరికి మస్ట్ నాట్ చేతులెత్తేస్తుంది. ‘నిన్న మమ్మల్ని లోపలికి వెళ్లొద్దన్నారు’ అనాలంటే ‘వి వర్ నాట్ అలౌడ్ టు గో ఇన్’. ‘మస్ట్ నాట్ హ్యావ్ గాన్’ నిషేధం కానే కాదు, ‘వెళ్లి ఉండడు’ అన్న ఊహ. ‘షుడ్ నాట్ హ్యావ్ గాన్’ అంటే వెళ్లాడు, వెళ్లకుండా ఉండాల్సింది. ‘నీడ్ నాట్ హ్యావ్ గాన్’ అంటే వెళ్లాడు, అనవసరంగా వెళ్లాడు. రాబోయే కాలానికి ‘విల్ నాట్ బి అలౌడ్ టు’.

మర్యాద మాట ఒకటి. ‘ఇక్కడ కూర్చోకూడదండీ’లో కటువుదనమంతా ఆ ‘అండీ’ మింగేస్తుంది. ‘యూ మస్ట్ నాట్ సిట్ హియర్’కు అలాంటి తోక లేదు, పెద్దవాళ్లతో అంటే గదమాయించినట్టే. ‘ఐయామ్ అఫ్రైడ్ యూ కాంట్ సిట్ హియర్’ అంటే సరిపోతుంది. ‘హ్యాడ్ బెటర్ నాట్’లో బెటర్ ఉంది కదా, మెత్తగా ఉంటుందని పై అధికారికి రాసేవాళ్లున్నారు. అది ‘వచ్చావో, చూసుకో’ అన్న ధోరణికి దగ్గర.

చివరగా, కాల్ సెంటర్లలో, విదేశీ ఆఫీసుల్లో ఫోను మీద పనిచేసే మనవాళ్ల కోసం. అమెరికన్లు క్యాన్‌ను మాటల్లో దాదాపు మింగేసి, బరువంతా తర్వాతి క్రియ మీద వేస్తారు. క్యాంట్‌ను (కాంట్‌ను వాళ్లు పలికే తీరు ఇది) మాత్రం నిండుగా పలుకుతారు, కానీ చివరి ట్ సరిగా వినపడదు. మనం ‘యూ క్యాన్ పే టుడే’ అని క్యాన్‌ను ఒత్తి పలికితే అవతలివాడికి ‘ఈ రోజు కట్టడానికి వీల్లేదు’ అని వినిపిస్తుంది. డబ్బు, గడువు, అనుమతి మాట్లాడేటప్పుడు ఆ రెండు మాటలూ పక్కన పెట్టి ‘యూ ఆర్ అలౌడ్ టు’, ‘యూ ఆర్ నాట్ అలౌడ్ టు’ అనండి. వాడి తీరాలంటే కాంట్‌ను విడదీసి ‘కెనాట్’ అని పూర్తిగా పలకండి.

ఇట్లు,
ఇంగ్లీషు బోధన, అనువాదం పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
విజయవాడ