కూలిన మానులను తాడ్వాయి అడవిలోనే ఉండనివ్వండి

సంపాదకుడు గారికి,

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో వేల చెట్లు కూలిపోయాయి. దాదాపు 50 వేలని అప్పట్లో పత్రికల్లో చదివాం. ఆ గాలి ఎందుకు వచ్చిందన్న దాని మీద చాలా చర్చ జరిగింది. పడిన చెట్ల సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు. "అంత కలప ఊరికే కుళ్లిపోతోంది, అమ్మితే సర్కారుకు నాలుగు డబ్బులొస్తాయి కదా" అనే మాట మాత్రం వినిపిస్తూ ఉంటుంది. ఆ కుళ్లడం గురించే ఈ లేఖ.

వానాకాలంలో పడిన మాను అడుగువైపు చూస్తే తెల్లగానో, గోధుమ రంగులోనో, నారింజ రంగులోనో సున్నం పూసినట్టు పలుచని పెచ్చు అతుక్కుని కనిపిస్తుంది. అదీ పుట్టగొడుగుల వర్గానిదే, కాకపోతే కాడ, గొడుగు ఉండవు. పైకి కనిపించేది బీజాలు వదిలే భాగం మాత్రమే. అసలు శిలీంధ్రం సన్నని దారాలుగా చెక్క లోపల అల్లుకుని ఉంటుంది. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టగల జీవులు చాలా తక్కువ. ఈ పెచ్చు శిలీంధ్రాల్లో చాలా రకాలు ఆ పని చేస్తాయి. వాటిలో ఒకటైన ఫానెరోకీటీ క్రైసోస్పోరియం జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు 2004లోనే ప్రచురించారు. పుట్టగొడుగుల వర్గం మొత్తంలో అదే మొదటిది.

చెక్క మెత్తబడితే పురుగులు చేరతాయి, వాటి కోసం వడ్రంగి పిట్టలు వస్తాయి. కంసాలి పిట్ట గూడు తొలుచుకునేది కూడా ఎండి మెత్తబడిన కొమ్మలోనే. చెట్టు ఏళ్ల తరబడి నేలనుంచి తీసుకున్నది తిరిగి ఆ నేలకే చేరుతుంది. మానును లారీ ఎక్కిస్తే ఇదంతా అడవి దాటిపోతుంది. ఈ బూజు పచ్చని చెట్లకూ అంటుకుంటుందని కొందరి భయం. అలాంటి రకాలు లేకపోలేదు గానీ, ఎండు చెక్క మీద బతికేవి చాలావరకు ఆరోగ్యంగా ఉన్న చెట్టు జోలికి పోవు.

చట్టం కూడా ఈ వైపే ఉంది. ఈ చెట్లు కూలిన అడవి ఏటూరునాగారం అభయారణ్యంలోనిది. అభయారణ్యాలు, జాతీయ పార్కుల నుంచి ఎండిన, గాలికి కూలిన చెట్లను తొలగించేందుకు ఆదేశాలివ్వొద్దని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న రాష్ట్రాలకు చెప్పింది. 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ ప్రకారం అనుమతితో తీసిన అటవీ ఉత్పత్తి చుట్టుపక్కల ప్రజల సొంత అవసరాలకు వాడొచ్చు, వ్యాపారానికి కాదు. కాబట్టి గూడేల వాళ్ల వంటచెరుకుకు అడ్డుపడమని నేను అనడం లేదు. వేసవి మంటల భయమూ నిజమే. దారుల మీద, మంటలు పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్ లైన్ల మీద పడినవి పక్కకు తీయాల్సిందే. మిగిలిన పెద్ద మానులను మాత్రం కదపొద్దు.

అటవీ శాఖకు నా విన్నపం ఒక్కటే. ఇప్పటిదాకా ఎంత కలప తీశారో, ఎంత వదిలారో ప్రజలకు చెప్పండి. వదిలిన చోట కొంత మేర హద్దులు వేసి, ఏటా వానాకాలంలో ఏ శిలీంధ్రాలు వస్తున్నాయో నమోదు చేసే పనిని కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికో, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలకో అప్పగించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ