మజ్జిగలో ఉప్పు

గుణదల,
20 ఫిబ్రవరి 2026, శుక్రవారం

అమ్మలూ,

ఇవాళ తపస్కాలంలో, అదే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో, మొదటి శుక్రవారం. సాయంత్రం గుళ్ళో సిలువ మార్గం ప్రార్థన ఉంది. దానికింకా రెండు గంటల టైముందని కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే నువ్వు "ఊఁ నాన్నా, ఊఁ నాన్నా" అంటూ ఇంకో పని చూసుకుంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు చదవాలి.

మన గుణదల మరియ మాత తిరునాళ్ళు 11వ తేదీతో అయిపోయాయి. వారం తిరిగేసరికి తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం. ఈసారి చిత్రం చూశావా? ఆదివారం శివరాత్రికి పైవాటా పిన్నిగారు ఉపవాసం, జాగారం. బుధవారం మనం. గురువారం నుంచి ఎదురింటి భాయి వాళ్ళకి రంజాన్ రోజాలు. సందు చివర టీ బండి కుర్రాడు "ఈ వారం మీరంతా కట్టగట్టుకుని నా బేరం కొట్టేశారు సార్" అన్నాడు. అన్నట్టు మాత పటం వెనక ఉన్న ఈతాకు సిలువ తీసి గుడికిచ్చేశాను. అదే, నిరుడు ఈస్టర్ ముందు మట్టల ఆదివారం నాడు నువ్వు అల్లింది. పాత మట్టలన్నీ కాల్చే కదా విభూది చేస్తారు. బుధవారం ఫాదర్ గారు నా నుదుటన పెట్టిన బూడిదలో నీ చేతిపని కూడా కాస్త ఉందన్నమాట.

ఇక నీ సంగతి. నుదుటి మీద విభూదితో ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టావు. కింద "నలభై రోజులు నో ఇన్‌స్టా, నో బిర్యానీ" అని రాశావు. ఆ రోజు పూజలో చదివిన సువిశేషం మత్తయి 6వ అధ్యాయమే. ఉపవాసం ఉన్నప్పుడు నలుగురికీ కనపడేట్టు మొహం వేలాడేసుకోకండి, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కోండి అని ప్రభువు చెప్పిన భాగం. మీ అమ్మ స్టేటస్ చూసి మురిసిపోయింది. నేను నవ్వుకున్నాను. కోప్పడటం లేదులే, నీ వయసులో నాకు స్టేటస్ లేదు కాబట్టి గానీ లేకపోతే నేనూ పెట్టేవాణ్ణే.

నలభై రోజులంటావు, లెక్కపెడితే నలభై ఆరు వస్తున్నాయేమిటని చిన్నప్పుడు నన్ను నిలదీసేదానివి. ఆదివారాలు ఆరు తీసెయ్యాలి, అవి ప్రభువు లేచిన రోజు గనక ఉపవాసంలో కలపరు. ఇప్పుడు నీ బిర్యానీ లెక్కకి ఇది పనికొస్తుందేమో చూసుకో. అసలు ఉపవాసం అనేది విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులే. పద్దెనిమిది నిండిన దగ్గర్నుంచి యాభై తొమ్మిది నిండేదాకా. ఒకపూట భోజనం, మిగతా రెండు పూటలా కాస్త ఎంగిలిపడటం. నాకు 63 వచ్చాయి, పైగా షుగరు, కాబట్టి నన్ను వదిలేశారు. మీ అమ్మ అయితే టాబ్లెట్ చేతిలో పెట్టి మరీ ఇడ్లీ తినిపించింది. మాంసం మానడానికి మాత్రం పద్నాలుగేళ్ళు దాటితే చాలు, ముసలితనం అడ్డు చెప్పడానికి లేదు. చేప మాంసం కింద రాదు కదా అని మన చుట్టాల్లో ఒకాయన శుక్రవారం శుక్రవారం కొరమీను పులుసు పెట్టిస్తాడు. కోడికూర కంటే దానికే ఎక్కువ ఖర్చు! ఆయన తపస్సు ఆయనది.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. "ఇక్కడ చెన్నైలో ఎవరూ తెలియదు నాన్నా, పూజ అవగానే వచ్చేస్తాను" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

2019లో నేనూ నీలాగే తపస్కాలం గట్టిగా చేశాను. నీకు తెలియని కథ ఇది. ఆ ఏడాది తిరునాళ్ళలో మన గుడి తరఫున వేసిన షామియానా డబ్బుల లెక్క ఒకాయన చూశాడు. పేరెందుకులే. మీటింగులో అందరి ముందూ లేచి లెక్క తేడాగా ఉందన్నాను. ఇంటికొచ్చి కాగితం మీద మళ్ళీ కూడితే తప్పు నాదే. ముప్పై ఏళ్ళు రైల్వేలో జమాఖర్చులు రాసినవాణ్ణి, కూడిక తప్పాను! ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను. బదులుగా ఉపవాసాలు మొదలెట్టాను. నీసు మానేశాను, కాఫీ మానేశాను, చాప మీద పడుకున్నాను. పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్ గారి దగ్గర కాఫీ విషయం కూడా చెప్పాను గానీ, ఇది మాత్రం చెప్పలేదు.

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మార్గానికి వచ్చే జనానికి కొండ కింద మజ్జిగ పోస్తాం కదా, ఏప్రిల్ ఎండ. ఆ పని పంచిన మహానుభావుడెవరో ఆయన్నీ నన్నూ ఒకే డ్రమ్ము దగ్గర పడేశాడు. గంటసేపు ఇద్దరం మాటల్లేకుండా గరిట తిప్పాం. అల్లం, పచ్చిమిరపకాయలు దంచి వేశాం, కరివేపాకు తుంచి వేశాం. అప్పుడాయన అరచేతిలో కాస్త పోసుకుని రుచి చూసి "ఉప్పు చాల్లేదు" అన్నాడు. "వెయ్యండి" అన్నాను. అంతే. ఆ ఏడాదికి మా మాటలు అవే.

మరుసటి ఏడు కరోనా. గుడి తలుపులు మూసేశారు, గుడ్ ఫ్రైడే ప్రార్థన టీవీలో చూశాం. మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ మోగింది. ఆయనే. "ఏమండీ, మీ ఇంట్లో మజ్జిగలో ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది. అప్పుడు చెప్పాను, కూడిక నాదే తప్పని. "నాకు ఆ వారమే తెలుసులెండి" అన్నాడు. ఇప్పటికీ మేం పెద్ద స్నేహితులమేం కాదు, గుళ్ళో కనబడితే తలూపుకుంటాం. డ్రమ్ము మాత్రం ప్రతి ఏడూ మా ఇద్దరిదే.

ఒంటరిగా కాఫీ మానేసినన్నాళ్ళూ నాకు నేను పెద్ద భక్తుణ్ణే. పక్కన ఇంకో మనిషి నిలబడేసరికి నా బండారం నాకు కనబడింది. అందుకే ఇన్‌స్టా మానడం బాగానే ఉంది గానీ, మిగిలిన ఆ గంటని ఏ మనిషి దగ్గరికి తీసుకెళ్తున్నావో చూసుకో. ఈ ఆదివారం పూజ అయ్యాక బయటికి పరిగెత్తకుండా, పాటల పుస్తకాలు సర్దేవాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఏమైనా పనుందా అండీ" అని అడుగు. నీ తమిళం విని నవ్వుతారు, నవ్వనీ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో మీ అత్తయ్య వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి గుర్తుందా? మేడ మీదున్న వాళ్ళకి నడుంలోతు నీళ్ళలో అన్నం పొట్లాలు తెచ్చిన పిల్లలెవరో అత్తయ్యకి ఇప్పటికీ తెలియదు. వాళ్ళు ఏ గుడి వాళ్ళో, అసలు గుడికి వెళ్ళేవాళ్ళో కాదో కూడా తెలియదు.

గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ 5. సెలవు దొరికితే గురువారం పినాకినీ రైలు ఎక్కెయ్. కొండెక్కడానికి రాకపోయినా ఫర్వాలేదు, గ్లాసులు అందించడానికి మనుషులు కావాలి.

ఇంకొకటి. మీ అమ్మ విభూది బుధవారం నుంచీ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పాత హార్లిక్స్ డబ్బాలో వేస్తోంది. ఏటా చేసేదే, చివర్లో గుడికిస్తే విన్సెంట్ డి పాల్ సంఘం వాళ్ళు లేనివాళ్ళ ఇళ్ళకి చేరుస్తారు. ఈసారి రెండు పిడికెళ్ళు వెయ్యడం చూసి ఎందుకని అడిగాను. రెండోది నీ పేరుమీదట. నువ్వక్కడ వెయ్యడం మొదలుపెడితే చెప్పు, ఆపేస్తుంది.

నాన్న