తాలు కాయకు ఆ మాట వినపడదు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తండ్రి లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాను. మా అమ్మాయి విజయవాడ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉంటూ ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది.

మొన్న ఔటింగ్ ఆదివారం వెళ్లాం. చెట్ల కింద చాపలు పరుచుకుని, క్యారియర్లు విప్పుకుని ఎన్నో కుటుంబాలు. మా ఆవిడ గోంగూర, కోడివేపుడు వడ్డించింది. పిల్ల ముద్ద కలుపుతుంటే నేను అన్న మొదటి మాట, "ఫిజిక్సులో ఎందుకు తగ్గాయి?" మార్కులు పిల్ల కంటే ముందే నా ఫోనుకు వస్తాయి మరి. కలిపిన ముద్ద అలాగే ఉండిపోయింది. పక్క చాప మీదా అదే ప్రశ్న వినిపిస్తోంది. నా తప్పు ఒప్పుకున్నాకే మీకు రాస్తున్నాను.

సాయంత్రం వెళ్లబోతూ చెప్పింది, మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారని. పరుపు, ట్రంకు పెట్టె మోసుకుంటూ మూడో అంతస్తు నుంచి మొదటి అంతస్తుకు అందరూ చూస్తుండగా దిగిందట. కింద లెక్చరర్లు వేరు, మెస్సులో వరుస వేరు. యార్డులో మేమూ కాయను ఏరి, తాలును, అంటే రంగు పోయిన నాసి కాయను, వేరే కుప్ప పోస్తాం. ముప్పై ఏళ్లుగా ఆ పనే చూస్తున్నాను. కానీ మేం 'తాలు' అన్నా, తాలు కాయకు ఆ మాట వినపడదు.

అయ్యా, ఇది కూడదని సుప్రీంకోర్టు 2025 జూలై 25న చెప్పింది. అదీ మన విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులోనే. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని, వంద మంది, అంతకు మించి విద్యార్థులు ఉంటే అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని అందులో ఉంది. మాకు జరిగే మీటింగులన్నీ ఫీజు వాయిదాల గురించే.

కౌన్సెలర్ ఎవరని అడిగితే, "ఫ్లోర్ ఇన్‌చార్జి మేడమే చూసుకుంటారండీ" అన్నారు. ఔటింగ్ రద్దు చేసేది ఆవిడే, ఇంటికి ఫోను చేయనివ్వనిది ఆవిడే. ఆవిడ ముందు ఏ పిల్ల నోరు విప్పుతుంది? పది నుంచి పందొమ్మిదేళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా పిల్ల సెక్షన్లో డెబ్బై మంది. లెక్క మీరే వేయండి.

2022 అక్టోబరు నుంచి మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోను నంబరు 14416, టెలి మానస్, ఉంది. రోజంతా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మంచి ఏర్పాటు. ఫోను లేని హాస్టల్ పిల్ల ఆ నంబరుకు ఎలా చేయాలి? ప్రతి అంతస్తులో, ఎవరి అనుమతీ అడగనక్కరలేని ఒక ఫోను పెట్టించండి. ఏడాది మధ్యలో సెక్షన్లు మార్చే కాలేజీకి మరుసటి ఏడాది గుర్తింపు ఇచ్చే ముందు సంజాయిషీ అడగండి. కౌన్సెలర్ పేరు, చదువు గేటు మీద రాయించండి.

తనిఖీకి వచ్చేటప్పుడు ముందుగా కబురు చేయకండి. వాళ్లు మిమ్మల్ని మూడో అంతస్తుకు తీసుకెళతారు. మీరు మొదటి అంతస్తులో ఆగండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తండ్రి