మధ్యాహ్నం పూట గ్రంథాలయం తలుపు తీయండి

సంపాదకుడు గారికి,

రిటైరైనవాళ్లకు సలహాలు ఇచ్చేవాళ్లకు కొదవలేదు. వాకింగ్ చేయండి, గుడికి వెళ్లండి, చదువుకోండి, రాసుకోండి అంటారు. ఎక్కడ కూర్చుని అన్నది మాత్రం చెప్పరు. రెండు గదుల ఇంట్లో ఒకచోట టీవీ, ఇంకోచోట మనవల ట్యూషన్.

నేను కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువల మీద ఉద్యోగం చేశాను. లాకులు, కాలువ గట్ల మీద నీళ్ల కాపలా చూసే లష్కర్లు, వంతు నీళ్ల కోసం తూముల దగ్గర అర్ధరాత్రి తగాదాలు... ఇప్పుడివన్నీ లాంగ్ నోట్‌బుక్కుల్లో రాస్తున్నాను. సర్వీసంతా ‘తమ ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అని రాయడమే గానీ, నా మాటంటూ ఒకటి రాసింది లేదు. ఒక పేజీ కుదిరిన రోజు రాత్రి హాయిగా నిద్రపడుతోంది.

రాయాలంటే చదవాలి కదా. మా శాఖా గ్రంథాలయానికి ఉదయం 11కల్లా తాళం పడుతుంది, మళ్లీ తీసేది సాయంత్రం 4కే. తీశాక కుర్చీలన్నీ గ్రూప్స్, డీఎస్సీ పిల్లలవి. వాళ్లను లేవమనడానికి నోరు రాదు, వాళ్ల టెన్షన్ వాళ్లది. కథలు, నవలల బీరువా వాళ్ల వెనకే ఇరుక్కుంది. ఒక్క పుస్తకం తీయాలంటే ముగ్గురిని లేపాలి. గ్రంథపాలకుడు ఒక్కరే, పైగా పక్క ఊరికి కూడా ఇన్‌ఛార్జి. ఆయన్ని అని లాభం లేదు.

అడిగితే నిధుల్లేవంటారు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. బకాయిల సంగతి మీ పత్రికల్లో చదువుతున్నదే. 1935లో ఇదే జిల్లాలో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. అప్పటికి సెస్సే లేదు!

మేం కోరేది ఆ మధ్యాహ్నం వేళ తలుపు తీయమనే. మనిషి లేడంటే వంతులవారీగా మేమే కూర్చుంటాం. రిజిస్టర్లలో సంతకాలు పెట్టడం మాకేం కొత్త కాదు. సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది అన్నది ఏటా నోటీసు బోర్డులో పెట్టండి.

ఇంకొకటి. నా రాతప్రతి స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తానంటే, స్టాకు రిజిస్టరులో ఎక్కించడం కుదరదన్నారు. పడవల రోజులు తెలిసిన లష్కర్లు మా చుట్టుపక్కల నలుగురైదుగురికి మించి లేరు. వాళ్లు చెప్పగా రాసుకున్న కాగితాలకు బీరువాలో ఒక్క అర ఇవ్వడానికి ఏ జీవో అడ్డం వస్తోందో అధికారులే చెప్పాలి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు జిల్లా