తొలగింపు మూస పడ్డ నీ వ్యాసం గురించి

నాన్నా,

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడి మీద తెలుగు వికీపీడియాలో నువ్వు రాసిన వ్యాసానికి తొలగింపు మూస, అంటే పేజీని తీసేయాలన్న నోటీసు, పెట్టారని కోపంగా ఉన్నావు. ఆ కోపంతో చర్చా పేజీలో జవాబు రాయకు. ఆయన గొప్పవాడు కాదని ఎవరూ అనలేదు. ఆయనతో సంబంధం లేనివాళ్లు ఆయన గురించి ఎక్కడ, ఎంత రాశారో వ్యాసంలో కనబడలేదన్నారు, అంతే. "కళకే జీవితం అంకితం" లాంటి వాక్యాలు ఎన్ని చేర్చినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

నువ్విచ్చిన ఆరు మూలాలూ చూశాను. సన్మానం వార్త మూడు పత్రికల్లో ఒకే రోజు, అక్షరం తేడా లేకుండా వచ్చింది. అది ప్రెస్ నోట్. మూడూ కలిపి ఒక్క మూలమే, అందులోనూ ఆయన పేరు జాబితాలో ఐదోది. యూట్యూబ్ ఇంటర్వ్యూలో మాట్లాడింది ఆయనే కాబట్టి పుట్టిన ఊరు, గురువు పేరు లాంటి వివరాలకు వాడుకోవచ్చు, ప్రాముఖ్యతకు, అంటే ఆయనకు విడిగా పేజీ ఉండొచ్చా అన్నదానికి, లెక్కలోకి రాదు. అభినందన సంచిక శిష్యులూ బంధువులూ రాసింది, దానిదీ అదే దారి. ఇక మిగిలింది జానపద కళల పుస్తకం. అందులో ఆయన మీద రెండు పుటలున్నాయంటూనే పుట సంఖ్య ఇవ్వలేదు. నీ వ్యాసానికి అసలు బలం అదే, దాన్ని తీసుకెళ్లి అట్టడుగున పెట్టావు.

అలాంటిది ఇంకొకటైనా దొరకాలి. విలేకరి స్వయంగా వెళ్లి రాసిన ఆదివారం ఫీచర్ గానీ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో సిద్ధాంత గ్రంథం గానీ ఉందేమో వెతుకు. జిల్లా ఎడిషన్ ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు తెరుచుకోవు. అందుకని పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పుట సంఖ్య ఇవ్వు. లింకు ఇంకా పనిచేస్తుంటే ఇవాళే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరుచు. మూలం అచ్చులో మాత్రమే ఉన్నా చెల్లుతుంది. ఎవరైనా కాదంటే ఆ పుట ఫోటో తీసి చూపించు.

తోలుబొమ్మల కళాకారుడే అయిన దళవాయి చలపతిరావు గారి పేరెత్తి "ఆయనకు పేజీ ఉంటే ఈయనకెందుకు వద్దు" అనకు. ఆయనకు 2020లో పద్మశ్రీ వచ్చింది, పత్రికలు విడిగా రాశాయి. స్నేహితుల చేత కొత్త ఖాతాలు తెరిపించి "ఉంచాలి" అనిపించడం ఇంకా చేటు. అక్కడ తలలు లెక్కపెట్టరు, కారణాలు చూస్తారు. పైగా అసలు వాదన మీదా అనుమానం వస్తుంది. నువ్వు రాయాల్సింది ఇంతే: "ఉంచాలి. ఫలానా పుస్తకం, ఫలానా పుటల్లో ఈయన ప్రదర్శనల గురించి వివరంగా ఉంది. వ్యాసంలో చేర్చాను." కింద నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం.

తప్పు వాళ్ల వైపూ ఉండొచ్చు. డోనా స్ట్రిక్‌లాండ్ అనే శాస్త్రవేత్త మీద ఇంగ్లీషు వికీపీడియాకు వచ్చిన చిత్తుప్రతిని, మూలాలు చాలవని 2018 మేలో తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంతకుముందే, 2013లో, ఆమె ఆప్టికల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షురాలు. విద్యావేత్తలకు వర్తించే వేరే కొలమానం ప్రకారం అదొక్కటే సరిపోయేది. కాబట్టి ఏ కొలమానం వర్తిస్తుందో నువ్వే వెతికి, పేరు పెట్టి చూపించాలి.

సినిమావాళ్ల పేజీలు సులువుగా నిలబడి, బొమ్మలాట వాళ్లవి పడిపోవడం నాకూ నచ్చదు. పత్రికలు దేని గురించి రాస్తాయో వికీలోకి అదే వస్తుంది. ఆ లోటు చర్చా పేజీలో తీరదు. ముందు ఎవరో ఒకరు వెళ్లి ఆయన గురించి రాయాలి.

రెండో మూలం దొరక్కపోతే పట్టుపట్టకు. నిమ్మలకుంట వ్యాసంలో ఒక పేరా, తోలుబొమ్మలాట వ్యాసంలో రెండు వాక్యాలు మూలంతో సహా పెట్టి, ఆయన పేరును దారిమార్పుగా, అంటే ఆ పేరు వెతికితే ఆ వ్యాసానికే వెళ్లేలా, ఉంచమని అడుగు. ఈలోగా పేజీని తొలగించేసినా పాఠ్యం ఎక్కడికీ పోదు. నిర్వాహకుల్ని అడిగితే నీ ప్రయోగశాలకు, అంటే నీ సొంత చిత్తు పేజీకి, తెచ్చి పెట్టగలరు. బొమ్మల ఫోటోలు వికీపీడియా బొమ్మల భండారమైన కామన్స్‌లోకి ఎక్కించడానికి ఈ ప్రాముఖ్యత గొడవే లేదు, కానీ నువ్వు తీసినవై ఉండాలి, బొమ్మలు చేసినవాళ్ల అనుమతీ ఉండాలి. తోలు గీకడం, రంధ్రాలు కొట్టడం, రంగులు వేయడం, ఒక్కో దశకూ ఒక ఫోటో తియ్యి.

ముందు ఆ పుస్తకం పుట సంఖ్య చేర్చు. మిగతాది రాత్రి ఫోన్‌లో మాట్లాడుకుందాం.

అమ్మ